హార్మోనియము: దాని కడుపులోని సంగతి

మర్రిగూడ ప్రాంతపు భజనమందిరములలోను, పద్యనాటకపు పందిళ్లలోను హార్మోనియము చిరపరిచితమైన వాద్యమే. దాని మెట్లపై వ్రేళ్లాడించువారు పెక్కండ్రు. లోపల నేమి జరుగుచున్నదో యెఱిగినవారు కొలదిమంది. ఊరి సొమ్ముతో పాతపెట్టె నొకదానిని కొనదలచిన పెద్దలకు ఈ యెఱుక మిగుల నవసరము.

ఇది పుట్టినది ఫ్రాన్సు దేశమున. 1840వ దశాబ్దమున ప్యారిసు నగరవాసి డెబెయిన్ అనునతడు దీనికి హార్మోనియమను పేరు పెట్టెను. ఆనాటిది కుర్చీపై కూర్చుండి, కాళ్లతో త్రొక్కుచు వాయించునది. మనవారు చాపపై కూర్చుందురు గదా! కలకత్తాలో 1875లో ద్వార్కిన్ అను వాద్యశాలను నెలకొల్పిన ద్వారకానాథ ఘోషు, తిత్తిని వెనుకకు మార్చి, ఒకచేత విసరుచు నొకచేత వాయించు రూపమున దీనిని తీర్చెను.

కమ్మరి కొలిమితిత్తిని చూచినవారికి దీని మర్మము సులభము. వెనుకతిత్తిని విసరగా గాలి తోలుమూతలను త్రోసికొని లోతిత్తిలోనికి పోవును. ఆ మూతలు దానిని మరలిరానీయవు. లోతిత్తిని స్ప్రింగులు పైకి నొత్తుచుండుటచే, చేయి క్షణకాల మాగినను గాలి యాగదు. స్వరము వణకకుండుటకు కారణ మిదియే. మెట్టు నొక్కగనే దాని వెనుకకొన లేచి, రంధ్రముపైనున్న మూత తొలగును. గాలి యా రంధ్రము క్రింద బిగించిన యిత్తడి నాలుకను కంపింపజేయుచు వెలికి పోవును.

నాలుక పొడవైనచో మంద్రము, పొట్టిదైనచో తారము. శ్రుతి చేయువాడు నాలుక కొనను గీకిన స్వరము హెచ్చును, మొదలు గీకిన తగ్గును. అట్లు నిలిపిన స్వరమును వాయించువాడు కదల్పజాలడు. వీణపై తంత్రిని లాగి గమకము పలికింపవచ్చును. ఇచట వ్రేలికిని నాలుకకును నడుమనున్న మూత తెరచుకొనుటయో మూసికొనుటయో తప్ప వేఱెఱుగదు. ఇట్టి యాక్షేపణలచేతనే ఆలిండియా రేడియో 1940లో దీనిని నిషేధించెను. 1971లో గాని యా కట్టు సడలలేదు. విద్వాంసుల మాట సహేతుకమే. అయినను పదిగొంతుకలు కలిసి పాడుచోట శ్రుతి జారకుండ పట్టియుంచుటకు పల్లెలో దీనిని మించిన సాధనము లేదని నా యభిప్రాయము.

క్రైస్తవుల పెద్ద దేవళములలోని ఆర్గను దీనికి జ్ఞాతి. అందు నాలుకలకంటె పిల్లనగ్రోవులవంటి గొట్టములే మెండు. మెట్టునుండి సన్నని చెక్కబద్దలు దూరమున నున్న మూతవఱకు పోయి దానిని లాగును. ఫిలిప్పీను దీవులలోని లాస్ పిన్యాసులో డియేగో సెరా అను మతగురువు 1824లో ముగించిన ఆర్గనున 1031 గొట్టములుండగా, వానిలో 902 వెదురువే!

ఇక మన పెట్టె. గుండీలన్నియు మూసి, తిత్తినిండ గాలి పట్టి, మెట్లు ముట్టక చూడవలెను. తిత్తి వెంటనే క్రుంగినచో తోలును ఎలుక కొఱికినదో, చెక్క నెఱ్ఱె విచ్చినదో వెదకవలెను. మెట్టు నొక్కకయే స్వరము వచ్చినచో మూత సరిగా కూర్చుండలేదు. ఒక్క స్వరమే మూగవోయినచో నాలుక సందున ధూళి చేరియుండును; పలుచని కాగితము మెల్లగా దూర్చి తీసిన మరల పలుకును. సూదితో మాత్రము గీకరాదు, శ్రుతి చెడును.