‘ఇది ఏ సినిమాలోది?’ బ్రిటిష్ డ్రామాల దారిలో కొత్త ఇండీ పాటలు పట్టుకోవడం ఎలా?

ఇయర్‌ఫోన్స్ దగ్గర పెట్టుకోండి, ఈ ఎపిసోడ్‌కి అవసరం పడుతుంది.

ముందు ఒక చిన్న పని. మీ మ్యూజిక్ యాప్‌లో పోయిన నెల విన్న పాటల లిస్టు ఒకసారి చూడండి. అందులో మీరు మొదటిసారి విన్న గొంతులు ఎన్ని ఉన్నాయి? నేను చూసుకుంటే రెండే రెండు. మిగతావన్నీ రెండేళ్లుగా తిరుగుతున్న పాటలే. దీనికి యాప్‌ని తిట్టి లాభం లేదు. మనం ఏది వింటే దానికి దగ్గరగా ఉన్నదే అది ముందు పెడుతుంది. రోజూ ఒకే బస్సెక్కి ఒకే స్టాపులో దిగేవాడికి ఊరంతా ఎలా తెలుస్తుంది చెప్పండి? మన పరిస్థితి అదే.

సరే, ‘ఇండీ మ్యూజిక్ విను’ అని ఎవరో ఒక ప్లేలిస్ట్ పంపిస్తారు. 80 పాటలు ఉంటాయి. నాలుగు వింటాం, ఆపేస్తాం. ఎందుకు? నాకు తోచిన కారణం చెప్తాను. మన ఇళ్లలో కొత్త పాట వినపడగానే ఎవరైనా అడిగే మొదటి మాట ఏంటి? ‘ఇది ఏ సినిమాలోది?’ మనం పాటని సందర్భంతో కలిపి వినడం నేర్చుకున్నాం. హీరో ఓడిపోయాడు, వాన పడుతోంది, అప్పుడు పాట వచ్చింది. అలా అయితేనే గుర్తుంటుంది. సందర్భం లేకుండా 80 పాటలు వరసగా పోస్తే చెవిలోంచి జారిపోతాయి.

మరి ఇండీ పాటకి సందర్భం ఎక్కడ దొరుకుతుంది? బ్రిటిష్ టీవీ డ్రామాల్లో. ఈరోజు చెప్పబోయే విషయం ఇదే.

అసలు ఇండీ అంటే?

మన దేశంలో ఇండీ అంటే సినిమాకి సంబంధం లేని పాట అని వాడుక. బ్రిటన్‌లో అర్థం వేరు. పెద్ద మ్యూజిక్ కంపెనీల మీద ఆధారపడకుండా, ఇండిపెండెంట్‌గా రికార్డు చేసి అమ్ముకునే పాట అన్నమాట. 1977 జనవరిలో మాంచెస్టర్ దగ్గరి కుర్రాళ్ల బ్యాండ్ బజ్‌కాక్స్, 500 పౌండ్లు అప్పు చేసి ‘స్పైరల్ స్క్రాచ్’ అనే రికార్డు సొంతంగా వేసుకుంది. మొదట కొట్టించింది 1,000 కాపీలే. అవి అమ్ముడుపోయాయి, మళ్లీ కొట్టించారు. అది చూసి ‘మనమూ చేయొచ్చు’ అని ఊరూరా బ్యాండ్లు, చిన్న లేబుళ్లు పుట్టుకొచ్చాయి. 1980 నుంచి బ్రిటన్‌లో ఇండీ రికార్డులకి విడిగా ఒక చార్టే ఉంది.

డ్రామాల్లోకి ఈ పాటలు ఎలా వచ్చాయి?

‘పీకీ బ్లైండర్స్’ చూసినవాళ్లకి ఇది తెలిసిందే. కథ 1919లో బర్మింగ్‌హామ్‌లో మొదలవుతుంది. టైటిల్ సాంగ్ మాత్రం నిక్ కేవ్ బ్యాండ్ 1994లో చేసిన ‘రెడ్ రైట్ హ్యాండ్’. తర్వాత పీజే హార్వే, ఆర్కిటిక్ మంకీస్ కూడా వినిపిస్తారు. నూరేళ్ల కిందటి కథకి ఇప్పటి గిటార్లు. అయినా అతికినట్టు ఉంటుంది.

దీని వెనక ఒక ఏర్పాటు ఉంది. మామూలుగా ఒక సీన్లో పాట పెట్టాలంటే, రాసినవాళ్ల హక్కు, రికార్డు చేసినవాళ్ల హక్కు, రెండూ విడివిడిగా కొనాలి. బ్రిటన్‌లో బీబీసీ లాంటి ఛానళ్లు హక్కుల సంఘాలతో ముందే మొత్తంగా ఒప్పందం చేసుకుంటాయి. దాన్ని బ్లాంకెట్ లైసెన్స్ అంటారు. దాంతో అక్కడి ప్రసారానికి చాలావరకు ఒక్కో పాటకీ బేరం ఆడే పని తగ్గుతుంది. పేరున్న పాటే కావాలన్న బలవంతం లేదు, సీన్‌కి ఏది సరిపోతే అది పెట్టొచ్చు. చిన్న బ్యాండుకి తలుపు తెరుచుకునేది అక్కడే.

ఇక్కడ ఒక మెలిక ఉంది, గుర్తుపెట్టుకోండి. ఈ ఒప్పందం ముఖ్యంగా బ్రిటన్ ప్రసారానికి. వేరే దేశానికి అమ్మేటప్పుడు, డీవీడీ వేసేటప్పుడు మళ్లీ హక్కులు కొనాలి. కొనకపోతే పాట మార్చేస్తారు. 2007లో మొదలైన ‘స్కిన్స్’ డ్రామాలో ఇదే జరిగింది. టీవీలో వచ్చిన పాటలు కొన్ని డీవీడీలో లేవు. కాబట్టి నెట్‌లో ఎవరో మెచ్చుకున్న పాట మీ ఫోన్లో వినిపించకపోతే మీ చెవుల తప్పు కాదు. వెర్షన్ వేరై ఉండొచ్చు.

ఒక్క డ్రామాతో చేసి చూద్దాం

‘దిస్ టౌన్’ తీసుకుందాం. 2024లో బీబీసీలో వచ్చింది, ఆరు ఎపిసోడ్లు. రాసింది ‘పీకీ బ్లైండర్స్’ సృష్టికర్త స్టీవెన్ నైట్. కథ 1981లో, బర్మింగ్‌హామ్, కోవెంట్రీ ఊళ్లలో. వీధుల్లో అల్లర్లు, కుర్రాళ్లకి పని లేదు. డాంటే అనే కుర్రాడు కవిత్వం రాస్తుంటాడు. వాళ్ల బంధువు బార్డన్‌ని ఐరిష్ సాయుధ దళం తనవైపు లాగుతుంటుంది. ఈ గొడవలన్నిటి మధ్యలో వీళ్లు ఒక బ్యాండ్ పెట్టడమే కథ.

ఇందులోంచి రెండు దారులు పోతాయి.

మొదటిది వెనక్కి. ఆ కాలంలో నిజంగానే కోవెంట్రీలో ‘టూ టోన్’ అనే లేబుల్ ఉండేది. 1979లో ద స్పెషల్స్ బ్యాండ్‌కి చెందిన జెరీ డామర్స్ మొదలుపెట్టాడు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి వాయించే బ్యాండ్లు, జమైకా నుంచి వచ్చిన స్కా సంగీతం. 1981 వేసవిలో, బ్రిటన్ నగరాల్లో అల్లర్లు జరుగుతున్న రోజుల్లోనే, వాళ్ల ‘ఘోస్ట్ టౌన్’ చార్టులో మొదటి స్థానంలో ఉంది. డ్రామా చూశాక ఆ పాట వినండి. ఆ వీధులు కళ్లముందు కనిపిస్తాయి.

రెండో దారి ఇప్పటికి. డ్రామాలో ఆ బ్యాండ్ పాడే కొత్త పాటలు రాసింది కే టెంపెస్ట్, డాన్ కేరీ. ఎండ్ టైటిల్స్‌లో ఈ రెండు పేర్లు పట్టుకుంటే చాలు. కే టెంపెస్ట్ దక్షిణ లండన్ కవి, రాపర్. ‘లెట్ దెమ్ ఈట్ కేయాస్’ అనే 2016 ఆల్బమ్ వినండి. డాన్ కేరీ నిర్మాత. లండన్లో స్పీడీ వండర్‌గ్రౌండ్ అనే చిన్న లేబుల్ నడుపుతాడు. ఆ లేబుల్ సింగిల్స్‌కి ఒక పద్ధతి ఉంది. పాట ఒక్కరోజులో రికార్డు అయిపోవాలి, మధ్యలో లంచ్ బ్రేక్ ఉండదు. బ్లాక్ మిడి, స్క్విడ్ లాంటి బ్యాండ్ల తొలినాళ్ల పాటలు అక్కడివే. డబ్లిన్ బ్యాండ్ ఫాంటేన్స్ డీసీ మొదటి ఆల్బమ్ ‘డాగ్రెల్’ నిర్మించింది ఆయనే. 2023లో రెండు గ్రామీలు కొట్టిన వెట్ లెగ్ మొదటి ఆల్బమ్‌లో ఎక్కువభాగం ఆయన చేతిలో తయారైందే.

చూశారా, ఒక్క డ్రామా, ఒక్క పేరు, అరడజను బ్యాండ్లు. ఇవన్నీ ఒకదానితో ఒకటి చుట్టరికం ఉన్నవి. అందుకే గుర్తుంటాయి.

ఫోన్లో చేయాల్సింది

ఒకటి, సీన్లో పాట నచ్చితే షజామ్ నొక్కండి. ఈ సర్వీసు పుట్టింది బ్రిటన్‌లోనే. 2002లో స్మార్ట్‌ఫోన్లు ఎక్కడివి? 2580కి డయల్ చేసి ఫోన్ స్పీకర్ దగ్గర పెడితే పాట పేరు మెసేజ్ వచ్చేది. డైలాగులు అడ్డమొస్తే ఇప్పటికీ అది తడబడుతుంది. అప్పుడు రెండో పని.

రెండు, ‘స్కిప్ క్రెడిట్స్’ నొక్కకండి. మ్యూజిక్ సూపర్‌వైజర్ అనే పేరు వెతకండి. సీన్‌కి పాట ఎంచి, హక్కులు మాట్లాడేది ఆ మనిషి. ఆ పేరు ఇంకే డ్రామాకి పనిచేసిందో చూడండి.

మూడు, పాట దొరికాక ‘ఇలాంటివే’ అనే బటన్ దగ్గర ఆగకండి. లేబుల్ పేరు, నిర్మాత పేరు చూసి వెతకండి. నలుగురిలో ఒక్కరు నచ్చినా లాభమే.

నాలుగు, పాట మొత్తం వినండి. 20 సెకన్లకే మార్చేస్తే ఏ బ్యాండూ నచ్చదు.

మన వినికిడికి అంత విలువ ఉందా?

ఉంది. 2024 నుంచి స్పాటిఫైలో ఒక నియమం అమల్లో ఉంది. గత 12 నెలల్లో 1,000 సార్లు కూడా ప్లే అవ్వని పాటకి రికార్డింగ్ రాయల్టీ లెక్కలోకే రాదు. పెద్ద స్టార్‌కి మన ఒక్క ప్లే సముద్రంలో చుక్క. 940 దగ్గర ఆగిపోయిన బ్యాండుకి మీరూ మీ హాస్టల్ రూమ్మేట్లూ కలిసి గీత దాటించొచ్చు.

ఇంకో వైపు, ఇలాంటి బ్యాండ్లు పాడుకునే చిన్న హాళ్లు మూతపడుతున్నాయి. 2023 ఒక్క ఏడాదిలోనే బ్రిటన్‌లో 125 చిన్న వేదికలు లైవ్ సంగీతం ఆపేశాయని అక్కడి మ్యూజిక్ వెన్యూ ట్రస్ట్ లెక్క చెప్పింది. వేదిక పోతే తర్వాతి బ్యాండ్ ఎక్కడ నేర్చుకుంటుంది? డ్రామాల్లో పెట్టడానికి కొత్త పాట ఎక్కడినుంచి వస్తుంది?

డబ్బు పెట్టగలిగితే బ్యాండ్‌క్యాంప్‌లో ఒక్క పాట కొనండి. 2020 మార్చిలో మొదలైన ‘బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే’ రోజుల్లో ఆ సైటు తన వాటా వదులుకుంటుంది. పెట్టలేకపోతే పర్వాలేదు. పాట పూర్తిగా వినండి, పేరుతో సహా ఇంకొకరికి చెప్పండి.

ఈ వారం హోంవర్క్: ‘దిస్ టౌన్’ బరువుగా అనిపిస్తే ‘హార్ట్‌స్టాపర్’తో మొదలుపెట్టండి. 2022లో వచ్చిన స్కూలు ప్రేమకథ, మొదటి సీజన్ ఎనిమిది ఎపిసోడ్లే. అందులో బేబీ క్వీన్ అనే గాయని దగ్గర ఆగండి, అక్కణ్ణుంచి మీ దారి మీరు వెతుక్కోండి. వారం తర్వాత మీ ఫోన్లో పాట విని ఎవరైనా ‘ఇది ఏ సినిమాలోది?’ అని అడిగితే, ‘సినిమా కాదు, కూర్చో చెప్తా’ అనండి.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.