చిరాకు పడ్డారా? ఓ పుస్తకంలో రాసి పెట్టండి!

పండగ సెలవులు అయిపోయాయి. పిడుగురాళ్ల నుంచి హైదరాబాద్‌కి తిరుగు ప్రయాణం. ఫోన్‌లో టికెట్‌ వెతుకుతారు. రేటు చూసి సరే అనుకుని పేరు, వయసు, నంబరు అన్నీ కొట్టాక, డబ్బు కట్టే చోట ఇంకో మొత్తం కలుస్తుంది. ‘సౌకర్య రుసుము’ అట! ఎవరి సౌకర్యమో తెలీదు. ఎక్కే చోటు ‘పిడుగురాళ్ల హైవే’ అని మాత్రమే ఉంటుంది. హైవే మీద ఎక్కడ? ఏ వైపు? అర్ధరాత్రి బ్యాగు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డవాళ్లకే ఆ ప్రశ్న విలువ తెలుస్తుంది. నాలుగు తిట్లు తిట్టుకుంటాం. బస్సు రాగానే మర్చిపోతాం.

మర్చిపోని ఓ కుర్రాడున్నాడు. పేరు ఫణీంద్ర సామా, మన తెలుగువాడే. బిట్స్‌ పిలానీలో చదివి బెంగళూరులో టెక్సాస్‌ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ఇంజినీరుగా చేస్తున్న రోజులవి. 2005 దీపావళికి హైదరాబాద్‌ వద్దామంటే బస్సు టికెట్‌ దొరకలేదు. ఏజెంటు చుట్టూ ఏజెంటు... ఎక్కడా లేదు. పండగ గదిలోనే గడిచింది. ఇలా టికెట్‌ దొరకనివాళ్లు ఆ రోజు బెంగళూరులో ఎందరో ఉండుంటారు. ఫణీంద్ర మాత్రం తర్వాత ఏజెంట్ల దగ్గరకి మళ్లీ వెళ్లాడు, టికెట్‌ కోసం కాదు, అసలు ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో తెలుసుకోవడానికి.

అక్కడ బయటపడిన సంగతి చూడండి. ట్రావెల్స్‌ వాళ్లు ఒక్కో ఏజెంటుకి కొన్ని సీట్లు కేటాయిస్తారు. మిగతావాటికి ఏజెంటు ఫోన్‌ చేసి అడగాలి. అవతల కాగితం మీద చార్ట్‌ చూసి ఉందో లేదో చెప్తారు. ఏజెంటుకి తెలిసిన ట్రావెల్స్‌ నాలుగో అయిదో. వాటిలో లేకపోతే ‘లేదండీ’ అనేస్తాడు. పక్క వీధి ఏజెంటు దగ్గర సీటు మిగిలి ఉన్నా ఇతనికి తెలిసే దారి లేదు. అంటే సీట్లు లేకపోవడం ఒక్కటే కాదు, ఉన్న సీటు ఎక్కడుందో తెలియకపోవడమూ సమస్యే. నిజానికి వెబ్‌ అనేది పనికొచ్చేది ఇలాంటి చోటే.

తోటి బిట్స్‌ మిత్రులు సుధాకర్‌ పసుపునూరి, చరణ్‌ పద్మరాజుతో కలిసి పనిలో దిగారు. వెబ్‌ ప్రోగ్రామింగ్‌ వాళ్ల ఉద్యోగం కాదు, పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నారు. మొదట సాఫ్ట్‌వేర్‌ తయారుచేసి, వాడుకోండని ట్రావెల్స్‌ వాళ్ల దగ్గరకి పట్టుకెళ్లారు. పెద్దగా ఎవరూ ఆసక్తి చూపలేదు. ఎందుకు చూపాలి? కాగితం చార్ట్‌తో వాళ్ల బండి నడుస్తూనే ఉందిగా! అప్పుడు మాట మార్చారు: ‘కొన్ని సీట్లు మాకివ్వండి, అమ్మిపెడతాం’. ఈ మాట వ్యాపారి చెవికెక్కింది. అలా 2006లో రెడ్‌బస్‌ మొదలైంది. 2013లో ఐబిబో గ్రూపు దాన్ని కొనేసింది. ఈ కథ చెప్పేవాళ్లంతా ఆ కొనుగోలు దగ్గర ఆగిపోతుంటారు. నన్నడిగితే, సాఫ్ట్‌వేర్‌ అమ్మబోయి సీట్లు అమ్మడానికి మారిన ఆ మలుపే అసలు పాఠం.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. బస్సు సీటుకో గుణం ఉంది. బండి కదిలిందా, ఖాళీ సీటుకి విలువ సున్నా. రేపటికి దాచుకోలేం. మన సున్నం సంగతీ కొంచెం అలాంటిదే. సున్నపురాయిని బట్టీలో తొమ్మిది వందల డిగ్రీల పైచిలుకు వేడిలో కాలిస్తే వచ్చే పొడి సున్నం గాలిలో తేమ తగిలితే విచ్చిపోయి పిండి అవుతుంది. వానాకాలంలో కొనేవాడు ఆలస్యం చేస్తే ఆ నష్టం బట్టీ యజమానికి తెలుసు. ఎండు మిర్చి అలా కాదు. గుంటూరు కోల్డ్‌ స్టోరేజీలో పెట్టి ధర కోసం నెలల తరబడి ఎదురుచూడొచ్చు. కాబట్టి ‘మిర్చికి ఓ యాప్‌’ అని బయల్దేరే ముందు ఆలోచించండి. రైతుకి కావాల్సింది కొనేవాడి ఫోన్‌ నంబరా, లేక కోల్డ్‌ స్టోరేజీలో చోటు ఎప్పుడు దొరుకుతుందన్న సమాచారమా? తిరుగు ప్రయాణంలో ఖాళీగా పోయే లారీ అయితే మాత్రం అచ్చం బస్సు సీటే. మన హైవే మీద ఓ పూట నిలబడి లెక్కపెడితే ఎన్ని కనిపిస్తాయో చూడండి.

దీనికి ఖర్చు ఓ నోటుపుస్తకం. నెల రోజులు మీకు, ఇంట్లోవాళ్లకు, పక్క కొట్టువాళ్లకు చిరాకు తెప్పించినవన్నీ రాయండి. ‘కస్టమర్‌ కేర్‌ ఎత్తలేదు’ అని రాస్తే సరిపోదు. ఎన్నిసార్లు ఒకటి నొక్కారు, ఎంతసేపు పాట విన్నారు, చివరికి పని ఎవరు చేశారు? అదీ రాయాలి. చివరి ప్రశ్న ముఖ్యం. చాలాసార్లు ఆ పని చేసిపెట్టేది జిరాక్స్‌ షాపు అన్నో, మీసేవ దగ్గర కూర్చునే అక్కో అయి ఉంటుంది. వాళ్ల పక్కన ఓ వారం కూర్చోండి. ఫణీంద్ర కూర్చున్నది అలాంటివాళ్ల దగ్గరే. మంచి ఆలోచనంటే నెత్తిన మెరుపు పడటమని సినిమాలు నమ్మించాయిగానీ, చాలామందికి అది ఇలాంటి కుర్చీల్లోనే దొరుకుతుంది.

పుస్తకం నిండాక ఒక్కో చిరాకు పక్కన ‘ఇది పోవడానికి ఎవరు డబ్బిస్తారు?’ అని రాసుకోండి. జవాబు లేనివి కొట్టేయండి. చాలా పోతాయి, బెంగపడకండి.

చిరాకులు తీర్చడానికి పుట్టిన వెబ్‌సైట్లే కొత్త చిరాకులు పుట్టిస్తున్న రోజులివి. చివర్లో కలిపే రుసుము, ‘రెండే సీట్లున్నాయి’ అనే ఉత్తుత్తి తొందర, అడక్కుండా బుట్టలో పడే బీమా. ఇవన్నీ కావాలని పన్నిన వలలైతే వాటికి డార్క్‌ ప్యాటర్న్స్‌ అని పేరు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ ఇలాంటివి 13 రకాలు గుర్తించి నిషేధిస్తూ మార్గదర్శకాలిచ్చింది. మీకు ఎదురైతే తెరమీదది స్క్రీన్‌షాట్‌ తీసి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915కి ఫోన్‌ చేయండి. ఫిర్యాదు నంబరు ఇస్తారు. ఆ నంబరూ పుస్తకంలో రాసుకోండి.