విరిగిన వెన్నుపూస - దాగిన మరో గాయం

కొబ్బరి చెట్టు మీదినుంచి జారి, నిలువునా కాళ్ళ మీద పడ్డ మనిషిని ఆసుపత్రికి తెచ్చారనుకోండి. అతను చెప్పేది మడమ నొప్పి ఒక్కటే. అయినా డాక్టరు అతని నడుమును కూడా తడిమి చూస్తారు. అక్కడా ఎక్స్-రే తీయిస్తారు. ఎందుకు?

నేలను తాకినప్పుడు పుట్టిన బలం మడమ దగ్గరే ఆగిపోదు. కాళ్ళ ఎముకల మీదుగా వెన్నెముకలోకి ఎక్కుతుంది. ఛాతీ వెనుక వెన్నెముక పక్కటెముకలతో బిగిసి ఉంటుంది. నడుము దగ్గర సులువుగా వంగుతుంది. ఈ రెండు భాగాలూ కలిసే చోట వెన్నుపూసలు ఎక్కువగా నలిగిపోతాయి. ఎత్తునుంచి పడి మడమ ఎముక విరిగినవారిలో దాదాపు పదిమందికి ఒకరికి వెన్నుపూస కూడా విరిగి ఉంటుంది.

పుదుచ్చేరి పట్టణంలో గోరిమేడు వద్ద జిప్‌మర్ ఆసుపత్రి ఉంది. 1823లో ఫ్రెంచివారు నెలకొల్పిన వైద్య పాఠశాల దీనికి మూలం. 1964లో దీనికి జవాహర్‌లాల్ నెహ్రూ పేరు పెట్టారు. 2008లో ఇది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. పుదుచ్చేరి నుంచే కాక, పక్కనున్న కడలూరు, విల్లుపురం జిల్లాల నుంచి కూడా ప్రమాదాల్లో గాయపడినవారు ఇక్కడికి వస్తారు. ఇలాంటి అత్యవసర విభాగాల్లో డాక్టర్లు మరవకూడని సూత్రం ఒకటుంది: ఒక ఎముక విరిగిందని తేలగానే వెతకడం ఆపకూడదు.

ఎక్కడ వెతకాలి?

పుట్టినప్పుడు మన వెన్నెముకలో 33 పూసలుంటాయి. వాటి మధ్య సొరంగంలో, చిటికెనవేలంత మందాన వెన్నుపాము ఉంటుంది. దాని నుంచి 31 జతల నాడులు బయలుదేరుతాయి. పూస విరిగిన చోటును బట్టి తోడు గాయం ఎక్కడుండవచ్చో ఊహించవచ్చు.

తలకు బలమైన దెబ్బ తగిలి స్పృహ తప్పితే, మెడ బాగుందని తేలేవరకు అది దెబ్బతిన్నదనే భావించాలి. ఊపిరి తీయించే విభాజక పటలానికి నాడులు మెడ నుంచే వస్తాయి. ఛాతీ వెనుక పూసలు విరిగితే పక్కటెముకలను, ఊపిరితిత్తులను పరీక్షించాలి. నడుముకు మాత్రమే బెల్టు కట్టుకున్న మనిషి కారు ప్రమాదంలో ముందుకు వంగిపోతే, పూస అడ్డంగా చీలవచ్చు. ఈ చీలికను 1948లో చాన్స్ అనే బ్రిటిష్ రేడియాలజిస్టు వర్ణించారు. ఇది కనిపిస్తే పేగులకు గాయమైందేమో చూడాలి. విరిగిన పూసకు దూరంగా ఇంకో పూస విరగడం కూడా అరుదు కాదు.

నొప్పి మోసం చేస్తే?

అసలు చిక్కు ఇక్కడుంది. వెన్నుపాము తెగితే అంతకు దిగువనున్న భాగాల నొప్పి మెదడుకు చేరదు. కడుపులో ప్లీహం పగిలి రక్తం కారుతున్నా రోగికి తెలియకపోవచ్చు.

మామూలుగా రక్తం పోతే రక్తపోటు పడిపోతుంది, నాడి వేగంగా కొట్టుకుంటుంది, చర్మం చల్లబడుతుంది. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నప్పుడు కూడా రక్తపోటు పడిపోతుంది. కానీ నాడి నెమ్మదిస్తుంది, చర్మం వెచ్చగా ఉంటుంది. రెండూ ఒకేసారి జరిగితే? రక్తం పోతున్నా నాడి పరుగెత్తదు. అందుకే రక్తపోటు తగ్గిన ప్రతి క్షతగాత్రునిలోనూ మొదట రక్తస్రావాన్నే అనుమానిస్తారు. మెడ కదలకుండా పట్టి ఉంచి శ్వాసమార్గం, శ్వాస, రక్తప్రసరణ వరుసగా చూస్తారు. కడుపును అల్ట్రాసౌండుతో పరీక్షిస్తారు. రోగి పరిస్థితి నిలకడగా ఉంటే సి.టి. స్కాన్ తీస్తారు.

మీరేం చేయాలి?

ప్రమాదం చూసినప్పుడు 108కి ఫోన్ చేయండి. మంటల వంటి అపాయం లేకపోతే గాయపడిన మనిషిని లేపి కూర్చోబెట్టకండి, మడిచి ఆటోలో ఎక్కించకండి, నీళ్ళు తాగించకండి. వాంతి అవుతుంటే నలుగురు కలిసి తల, మెడ, నడుము ఒకే దుంగలా ఉండేటట్లు పక్కకు తిప్పండి. పోలీసు కేసుకు భయపడనక్కరలేదు. సదుద్దేశంతో సాయం చేసినవారికి 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం రక్షణ కల్పిస్తోంది.

విరిగిన పూసను డాక్టర్లు సరిచేయగలరు. తెగిన వెన్నుపామును మునుపటిలా అతికించే వైద్యం నేటికీ లేదు. కాబట్టి ఆసుపత్రి చేరేలోపు ఆ మనిషిని కదపకుండా కాపాడటం మీ చేతుల్లోనే ఉంది.