సంఘానికి కామ్‌కార్డర్ కొనేముందు

మా సంఘములో మొదటి కామ్‌కార్డర్ కొన్నది పెట్టె మీద అంకె చూసి. అందులో జూమ్ వందల రెట్లని రాసి ఉంది. యౌవనస్థులు సంబరపడ్డారు, పెద్దలు కానుకల డబ్బులోంచి తీసి ఇచ్చారు. కొన్నాళ్లకు మా అందరికంటే పెద్ద వయసు తల్లి ఒకామె ముందుకు వచ్చి తన సాక్ష్యము చెప్పింది. నెల తిరగకముందే ప్రభువునందు నిద్రించింది. పిల్లలు ఆ వీడియో అడిగారు. పెట్టి చూస్తే ముఖము కనబడుతోంది, మాట మాత్రం వినబడదు. ఫ్యాన్ల హోరు, ఎవరిదో దగ్గు, అంతే. ఆ కెమెరాకు బయటి మైకు తగిలించే రంధ్రమే లేదని మాకు ఆ రోజు తెలిసింది.

కాబట్టి ప్రియులారా, కొట్టులో మొదట అడగవలసినది శబ్దం గురించి. కెమెరాలో ఉండే మైకు తనకు దగ్గరగా ఉన్నదాన్నే వింటుంది. నలభై అడుగుల దూరంలో ఉన్న ప్రసంగికుని మాట కావాలంటే మిక్సర్ నుండి వైరు తేవాలి. అందుకు కనీసం 3.5 మిల్లీమీటర్ల మైక్ జాక్ ఉండాలి, విని చూసుకోవడానికి హెడ్‌ఫోన్ జాక్ కూడా ఉండాలి. ఇక్కడ ఒక చిక్కుంది. మిక్సర్ నుండి వచ్చే లైన్ సిగ్నల్ మైకు సిగ్నల్ కంటే ఎంతో బలమైనది. దాన్ని నేరుగా మైక్ జాక్‌లో పెడితే స్వరం పగిలిపోతుంది. మధ్యలో దాన్ని తగ్గించే కేబుల్ వేయాలి. ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లున్న కెమెరాల్లో సాధారణంగా మైక్, లైన్ అని మార్చుకొనే స్విచ్ ఉంటుంది. ధర ఎక్కువే గాని, సంఘానికి అవే మేలని నా అభిప్రాయం.

తరువాత జూమ్. లెన్సు చేసే ఆప్టికల్ జూమ్ ఒక్కటే లెక్క. పెట్టె మీద వందల్లో కనిపించేది డిజిటల్ జూమ్. అది ఉన్న బొమ్మనే కత్తిరించి సాగదీస్తుంది. జూమ్ చేయకుండా నలభై అడుగుల నుండి తీస్తే తెర అడ్డంగా యాభై అడుగులకు పైగా పడుతుంది. అందులో మనిషి బొమ్మ అగ్గిపుల్లంత. అదే దూరంలో 10 రెట్ల ఆప్టికల్ జూమ్‌తో నడుము వరకు, 20 రెట్లతో దాదాపు ముఖమే వస్తుంది. మామూలు మందిరానికి 20 చాలు.

చవక రకాలలో సెన్సార్ వేలిగోరు కంటే చిన్నది. పగలు బాగానే ఉంటుంది, సాయంకాల కూటములలో బొమ్మ ఇసుక చల్లినట్టు వస్తుంది. అందుకే చీకటి పడ్డాక కొట్టుకు వెళ్లి, వెలుతురు తక్కువ ఉన్న మూల తీసి చూడండి.

అమెరికాలోని బంధువులు కెమెరా పంపుతామంటే సంతోషమే, అయినా ఒక మాట అడగండి. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, మన దగ్గర 50. అక్కడి వేగానికి చేసిన కెమెరాతో మన ట్యూబ్‌లైట్ల కింద తీస్తే బొమ్మ మినుకుమినుకుమంటుంది. షట్టర్‌ను 1/50 లేదా 1/100కు చేత్తో మార్చుకొనే వీలుంటే ఇబ్బంది లేదు. కొన్ని చిన్న మోడళ్లలో ఆ వీలుండదు.

ఫొటోలు తీసే కెమెరా చాలదా అని కొందరంటారు. పెళ్లికి చాలు. కాని వాటిలో చాలా పాత మోడళ్లు 29 నిమిషాల 59 సెకన్లకు ఆగిపోతాయి. అరగంట దాటితే ఐరోపాలో వీడియో కెమెరాగా సుంకం పడేది, అందుకని అలా చేశారు. మూడు గంటల ఆరాధనలో అది ఎక్కడ ఆగుతుందో చెప్పనక్కరలేదు.

4కె కోసం తొందరపడకండి. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున అది గంటకు 45 జీబీ తింటుంది. 28 మెగాబిట్ల ఫుల్ హెచ్‌డీకి 13 జీబీ కూడా పట్టదు. మిగిలిన డబ్బు గట్టి ట్రైపాడ్‌కు పెట్టండి. మంచాన ఉన్నవారికి లైవ్ చూపాలనుకుంటే హెచ్‌డీఎంఐలో తెర మీది అక్షరాలు లేకుండా బొమ్మ వస్తుందో లేదో కొనకముందే చూసుకోండి.

ఇప్పుడు మా దగ్గర ఒక తమ్ముడు ఆరాధనకు ముందు హెడ్‌ఫోన్ పెట్టుకొని కెమెరా దగ్గర నిలబడతాడు. అతడు చెయ్యి ఎత్తాకే మొదటి పాట.