కొండదారి జీపుకు గట్టి ఇరుసు
తక్కువ ఖర్చులో ఎంపిక: బలంతో పాటు లెక్కా కుదరాలి

సింగలీలా కొండల్లో మనేభంజ్యాంగ్ నుంచి సందక్‌ఫూకు వెళ్లే దారి సుమారు 31 కిలోమీటర్లు. పశ్చిమ బెంగాల్‌లో అత్యున్నతమైన ఆ శిఖరం ఎత్తు 3,636 మీటర్లు. ఒకనాడు తేయాకు తోటల దొరలు వాడి విడిచిన లాండ్ రోవర్ బండ్లు దశాబ్దాల తరబడి ఈ నిటారు దారిలో ప్రయాణికులను, సరుకులను మోశాయి. ఇటీవలి కాలంలో వాటి సంఖ్య తగ్గింది. వాటిలో అనేకం పాత పెట్రోలు ఇంజన్ తీసివేసి స్వదేశీ డీజిల్ ఇంజన్ అమర్చుకున్నవే. ఇంజన్ మారిన ఇటువంటి బండ్లలో ముందుగా పరీక్షకు గురయ్యేది వెనుక ఇరుసు.

మొదటి గేరు, లో గేరు, డిఫరెన్షియల్ కలిసి ఆ పాత బండ్లలో ఇంజన్ తిప్పుడు బలాన్ని సుమారు 40 రెట్లు పెంచుతాయి. ఆ బలమంతా చివరకు చేరేది చక్రాన్ని తిప్పే రెండు ఉక్కు కడ్డీలకు. వీటినే మెకానిక్కులు యాక్సిల్ షాఫ్టులంటారు. పాత లాండ్ రోవర్లలో ఈ షాఫ్టు లోపలి కొసకు ఉన్న పళ్లు పదే. తరచుగా విరిగేది అక్కడే.

షాఫ్టు విరగడం కేవలం ఖర్చుతో తీరే వ్యవహారం కాదు. ఈ తరం లాండ్ రోవర్లలోను, పాత జీపులలోను చేతి బ్రేకు చక్రాలను కాక, వెనుక ఇరుసుకు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టును పట్టి నిలుపుతుంది. వెనుక షాఫ్టు ఒకటి తెగితే డిఫరెన్షియల్ ఆ వైపు ఖాళీగా తిరిగిపోతుంది. వెనుక చక్రాలకే బలం అందుతున్న సమయంలో అలా జరిగితే చేతి బ్రేకు పనిచేయదు, ఇంజన్ పట్టు కూడా ఉండదు. దిగుడులో ఉన్న బండికి కాలి బ్రేకు ఒక్కటే దిక్కు. లోయ పక్కన ఎనిమిది మందిని ఎక్కించుకున్న డ్రైవరుకు ఇది ప్రాణాలతో ముడిపడిన విషయం.

తేలేవి రెండు రకాలు

కొనేముందు తెలుసుకోవలసిన మొదటి సంగతి ఇరుసు రకం. ‘సెమీ ఫ్లోటింగ్’ ఇరుసులో బండి బరువును కూడా షాఫ్టే మోస్తుంది. అది బయటి కొసన విరిగితే చక్రమే ఊడిపోయే ప్రమాదం ఉన్నది. ‘ఫుల్ ఫ్లోటింగ్’ ఇరుసులో బరువు హౌసింగ్ మీద, హబ్ బేరింగుల మీద పడుతుంది. షాఫ్టు పని తిప్పడమే. అది విరిగినా చక్రం నిలిచే ఉంటుంది. విరిగిన ముక్కలను తీసివేసి, ముందు చక్రాల సాయంతో బండిని ఇంటికి చేర్చవచ్చు. సమాన బలం గల రెండింటిలో కొండదారికి రెండవదే మేలు.

రెండవ సంగతి మందం. గుండ్రని కడ్డీ మెలిని తట్టుకొనే శక్తి దాని వ్యాసపు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. అనగా వ్యాసం పది శాతం పెరిగితే బలం సుమారు 33 శాతం పెరుగుతుంది. కనుక పెద్ద హౌసింగ్ కొనకుండా, ఉన్న దానిలోనే పట్టే మేలైన షాఫ్టు దొరికితే తక్కువ ఖర్చుతో పని జరుగుతుంది. ఉక్కు రకమూ ముఖ్యమే. ఈఎన్ 19, ఈఎన్ 24 వంటి మిశ్రమ ఉక్కులతో చేసి, సరిగా వేడిచికిత్స చేసిన షాఫ్టుకు, వీధి లేతులో మామూలు ఇనుముతో తిప్పిన షాఫ్టుకు పోలిక లేదు. విరిగిన దానిని వెల్డింగ్ చేయించడం మరీ ప్రమాదకరం. అతుకు పక్కన ఉక్కు పెళుసెక్కి మళ్లీ అక్కడే తెగుతుంది.

పళ్లు లెక్కించి కొనాలి

మొత్తం ఇరుసునే మార్చదలచిన వారు సైన్యం వేలం వేసిన బండ్ల విడిభాగాలను, ఢిల్లీలోని మాయాపురి వంటి పాత సామాను బజార్లను ఆశ్రయించడం మామూలే. లాండ్ రోవర్ యజమానులకు 1970ల నుంచి పొడవు బండ్లకు వచ్చిన శాల్స్‌బరీ ఇరుసు ఒక మార్గం. అది బలమైనదే కానీ బరువు ఎక్కువ. మధ్యనున్న గుండు పెద్దది కావడం వల్ల రాళ్లకు తగిలే అవకాశమూ ఎక్కువే. ప్రొపెల్లర్ షాఫ్టు పొడవును కూడా సరిచేయవలసి ఉంటుంది.

బేరం కుదిరే ముందు క్రౌన్, పినియన్ల పళ్లు లెక్కించడం తప్పనిసరి. క్రౌన్‌కు 43, పినియన్‌కు 8 ఉంటే నిష్పత్తి 5.375. ముందు ఇరుసు నిష్పత్తీ అదే కావాలి. రెండూ వేరైతే నాలుగు చక్రాలకు బలం ఇచ్చిన క్షణం నుంచి ముందు, వెనుక భాగాలు ఒకదానినొకటి మెలిపెట్టుకొంటాయి. చవకగా వచ్చిన ఇరుసు గేరుబాక్సునే బలిగొంటుంది. చక్రాల మధ్య వెడల్పు, స్ప్రింగుల పీటల దూరం, బ్రేకు డ్రమ్ముల కొలత కూడా టేపుతో చూసుకోవాలి. హౌసింగ్ వంగి ఉన్నదేమో, పళ్ల మీద గుంటలు పడ్డాయేమో విప్పించి చూడకుండా డబ్బు చెల్లించరాదు.

చట్టం మాటేమిటి?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే కొలతల షాఫ్టు వేయడం మరమ్మతు. వేరే బండి ఇరుసు వేయడం మార్పు అనిపించుకోవచ్చు. రవాణా శాఖ కార్యాలయంలో ముందే విచారించడం క్షేమం. ప్రమాదం జరిగితే బీమా సంస్థ అడిగే మొదటి ప్రశ్నలలో ఇదీ ఒకటి.

అసలు మార్పు అవసరమా అన్నది చివరి ప్రశ్న కాదు, మొదటిది. పెద్ద టైర్లు ఇరుసు మీద భారాన్ని పెంచుతాయి. డిఫరెన్షియల్‌కు లాకు వేస్తే రెండు షాఫ్టులు పంచుకోవలసిన బలం కొన్ని వేళల ఒక్క దాని మీదే పడుతుంది. టైరును పాత కొలతకు దించి, బరువు తగ్గించి, క్లచ్‌ను ఒక్కసారిగా వదలకుండా నడిపితే పాత షాఫ్టే మరికొన్ని ఏళ్లు నిలవవచ్చు. షాఫ్టును మరీ గట్టిది చేస్తే తరువాత విరిగేది క్రౌన్, పినియన్. దాని ఖర్చు షాఫ్టు కంటే ఎంతో ఎక్కువ.

విశాఖ మన్యం ఘాట్లలో తిరిగే జీపుకైనా, సందక్‌ఫూ ఎక్కే లాండ్ రోవరుకైనా ఇదే లెక్క. పరిమితమైన సొమ్ముతో ముందుగా మంచి ఉక్కు షాఫ్టులు, కొత్త బేరింగులు, సీళ్లు, తరువాత బ్రేకులు, ఆపైన మిగిలితేనే పెద్ద ఇరుసు. ఒక పాత షాఫ్టును సీటు కింద ఉంచుకొని బయలుదేరే డ్రైవరు తెల్లవారేసరికి ఇల్లు చేరగలడు.