మేజర్ తేలని పిల్లలకు మొదటి సెమిస్టర్

జూన్ వచ్చిందంటే శాఖల్లో విద్యారుణాల దరఖాస్తులతో పాటు ఇంకో రకం సంప్రదింపులు కూడా మొదలవుతాయి. భోజన విరామంలో క్యారేజీ మూత తీస్తూనే ఎవరో ఒకరు అడుగుతారు: "మావాడికి ఇంటర్ అయిపోయింది సార్. ఇంజనీరింగ్ వద్దంటున్నాడు. డిగ్రీలో ఏం తీసుకోవాలో వాడికే తెలియడం లేదు." గత ఏడాది ఇదే ప్రశ్న మా ఇంట్లోనూ వచ్చింది. ఎంపీసీ చదివిన మా అమ్మాయికి ఎకనామిక్సా, స్టాటిస్టిక్సా, సైకాలజీయా అన్నది తేలలేదు. "ముందు తేల్చుకో, తర్వాతే దరఖాస్తు" అని కసిరాను. తర్వాత కూర్చుని నిబంధనలు చదివాక, అంత కసురు అవసరం లేదని అర్థమైంది.

జాతీయ విద్యా విధానం 2020 ప్రకారం యూజీసీ 2022 డిసెంబరులో నాలుగేళ్ళ డిగ్రీకి ఒక చట్రం ఇచ్చింది. మూడేళ్ళకు 120 క్రెడిట్లు, నాలుగేళ్ళ ఆనర్స్‌కు 160. అంటే సెమిస్టరుకు సుమారు 20. తరగతిలో పాఠమైతే ఒక క్రెడిట్‌కు సెమిస్టర్ మొత్తం మీద 15 గంటలు, ల్యాబ్ అయితే 30 గంటలు. ఈ రెండో అంకెను చాలామంది చూడరు. కాగితం మీద రెండు కోర్సుల క్రెడిట్లు సమానంగా కనిపించినా, ల్యాబ్ ఉన్నదానికి వారంలో ఎక్కువ గంటలు పోతాయి. టైమ్‌టేబుల్ వేసుకునేటప్పుడు క్రెడిట్లు కాదు, గంటలు లెక్కపెట్టాలి.

మొదటి రెండు సెమిస్టర్లూ వేర్వేరు విభాగాలను రుచి చూడటానికే. రెండో సెమిస్టర్ చివర్లో విద్యార్థి అదే మేజర్‌లో కొనసాగవచ్చు, లేదా మార్చమని అడగవచ్చు. అయితే మార్పు అదే విస్తృత విభాగంలో ఉండాలి. ఎకనామిక్స్ నుంచి సైకాలజీకి వెళ్ళడం ఒక రకం, కామర్స్ నుంచి ఫిజిక్స్‌కు వెళ్ళడం ఇంకో రకం. ఇలా మారేవారి కోసం కాలేజీలు మంజూరైన సీట్లకు అదనంగా 10 శాతం వరకు సృష్టించుకోవచ్చు, ఖాళీగా మిగిలిన సీట్లనూ వాడుకోవచ్చు. ఆ సీట్లలో ప్రాధాన్యం మొదటి ఏడాదిలో బ్యాక్‌లాగ్ లేకుండా, సీజీపీఏ ఎక్కువగా ఉన్నవారికి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. తలుపులన్నీ తెరిచి ఉంచాలనే ఆశతో మొదటి సెమిస్టర్‌లోనే కష్టమైన కోర్సులన్నీ నెత్తినేసుకుంటే, ఒక్క పేపరు పోయినా మారే అవకాశం వెనక్కి పోతుంది. సులువైనవే ఏరుకుంటే మార్కులు వస్తాయి గానీ, గణితం లాంటిది చేజారుతుంది. గణితాన్ని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. అది మెట్లుమెట్లుగా సాగే సబ్జెక్టు. ఒక ఏడాది వదిలేసి మళ్ళీ అందుకోవడం కష్టం. ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, డేటా సైన్స్ అన్నీ దాన్ని అడుగుతాయి. చరిత్రో, సోషియాలజీయో ఆసక్తి ఉన్న కుర్రాడు రెండో ఏట మొదలుపెట్టినా అందుకోగలడు. అందుకే నా లెక్క ఇది: మెట్ల సబ్జెక్టు ఒకటి ముందే తీసుకోవాలి, రుచి చూడాల్సినది ఒకటి తీసుకోవాలి, మిగిలినవి తేలికగా ఉండాలి. మూడోది కూడా బరువైనది పెట్టుకుంటే అది ఆశ కాదు, అత్యాశ.

రుచి చూడటానికి పనికొచ్చేది బహుళ విభాగ కోర్సుల కోటా, మొత్తం 9 క్రెడిట్లు. ఇంటర్‌లో చదివేసిన సబ్జెక్టును ఈ కోటా కింద మళ్ళీ తీసుకోనివ్వరు. మార్కుల కోసం ఎంపీసీ పిల్లలు ఫిజిక్స్ పెట్టుకుందామంటే కుదరదు. నాకైతే ఈ నిబంధన నచ్చింది.

అన్ని చోట్లా ఒకే పద్ధతి లేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సెమిస్టరుకు 22 క్రెడిట్లు: ప్రధాన విభాగానికి 12, జెనరిక్ ఎలెక్టివ్‌కు 4, భాష, నైపుణ్యం, విలువల కోర్సులకు రెండేసి. అక్కడ ఆనర్స్ సబ్జెక్టు ప్రవేశంతోనే ఖరారవుతుంది కాబట్టి, ఎటూ తేల్చుకోనివారికి ఆ 4 క్రెడిట్ల ఎలెక్టివే కిటికీ. మన తెలుగు రాష్ట్రాల్లోనూ విశ్వవిద్యాలయాన్ని బట్టి తేడాలున్నాయి. ప్రాస్పెక్టస్‌లో ముప్పై కోర్సులు అచ్చువేసి, ఆ ఏడాది ఆరే నడిపే కాలేజీలు ఉంటాయి. చేరే రోజున కౌంటర్‌లో "ఈ సెమిస్టర్‌లో నిజంగా ఏవి నడుస్తున్నాయి? కోర్సు మార్చుకోవడానికి ఆఖరి తేదీ ఎప్పుడు?" అని అడిగి రాసుకోవడం మంచిది.

బదిలీల ఉద్యోగం మనది కాబట్టి అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ గురించీ చెప్పాలి. 2021లో మొదలైంది. మన భాషలో అది పిల్లల పాస్‌బుక్. సంపాదించిన క్రెడిట్లు అందులో జమవుతాయి, ఏడేళ్ళ వరకు చెల్లుతాయి. విశాఖలో జమైనవి నాగపూర్‌లో లెక్కకు రావచ్చు. కానీ క్రెడిట్ ఉన్నంత మాత్రాన కొత్త కాలేజీ సీటు ఇచ్చి తీరాలని లేదు. ఖాతా ఉన్నవారందరికీ లాకరు దొరుకుతుందా?

మా అమ్మాయి చివరికి ఎకనామిక్స్ మేజర్, స్టాటిస్టిక్స్ మైనర్‌తో చేరింది. సైకాలజీని బహుళ విభాగ కోర్సుగా పెట్టుకుంది. స్వయం పోర్టల్‌లో ఇంకో కోర్సు కూడా చేస్తానంటే మొదటి సెమిస్టర్‌లో వద్దన్నాను. ఆ ఒక్క మాట విన్నది. అక్టోబరుకల్లా సైకాలజీ పుస్తకం మీదే ఎక్కువసేపు కూర్చోవడం గమనించాను. "అందులోనూ స్టాటిస్టిక్సే నాన్నా" అంది నవ్వుతూ.

ఇప్పుడు రెండో సెమిస్టర్ నడుస్తోంది. బ్యాక్‌లాగ్ ఏదీ లేదు. మేజర్ మార్పు దరఖాస్తు తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టింది, ఇంకా నింపలేదు. ఆఖరి తేదీకి మూడు వారాలుంది. నేను అడగడం లేదు, వాళ్ళమ్మ మాత్రం రోజూ ఆ కాగితం వంక చూస్తోంది.