మూల గుండ్రంగా రావాలంటే: ఆర్ రాయాలా, ఐ-జే రాయాలా?

హోసూరు, కోయంబత్తూరు, బెంగళూరు పీణ్య షెడ్లలో సీఎన్‌సీ మిల్లింగ్ మెషిన్ మీద నిలబడే పిల్లలు మన ఇళ్లలోనూ ఉన్నారు. వాళ్లు జీ కోడ్ నేర్చుకునేది తమిళంలోనో, కన్నడంలోనో, ఇంగ్లిషులోనో. అందులో తరచూ తడబడే ఒక్క సంగతిని తెలుగులో చెప్పుకుందాం.

తిన్నని కోతకు జీ01 రాసి, చేరాల్సిన చోటు చెబితే చాలు. వంపుకు అది చాలదు. ఎటు తిరగాలో చెప్పాలి: పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపుకు జీ02, దానికి ఎదురుగా జీ03. కేంద్రం ఎక్కడో కూడా తెలియాలి. పేచీ అంతా ఇక్కడే.

80 మి.మీ. పొడవు, 60 మి.మీ. వెడల్పు ఉన్న ప్లేటు అనుకోండి. ఎడమ కింది మూల సున్నా. కుడి పై మూలకు 10 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రం కావాలి. పై అంచు మీద కుడికి వస్తూ ఎక్స్70, వై60 దగ్గర వంపు మొదలై ఎక్స్80, వై50 దగ్గర ముగుస్తుంది. దీన్ని రెండు రకాలుగా రాయొచ్చు:

జీ02 ఎక్స్80.0 వై50.0 ఆర్10.0
జీ02 ఎక్స్80.0 వై50.0 ఐ0.0 జే-10.0

ఫానుక్ తరహా కంట్రోళ్లలో ఐ, జే మామూలుగా కేంద్రం చిరునామా కావు. వంపు మొదలైన చోటు నుంచి కేంద్రం ఎటు, ఎంత దూరమో చెప్పేవి. ఇక్కడ కేంద్రం 10 మి.మీ. కిందికి ఉంది, అందుకే జే-10.

ఆర్ సులువు, డ్రాయింగులో ఉన్న అంకె ఎత్తి రాస్తే అయిపోతుంది. నేనూ మొదట్లో అదే రాసేవాణ్ణి. ఒకరోజు 10కి బదులు 12 కొట్టాను. మెషిన్ కిక్కురుమనలేదు. ఆ రెండు బిందువుల మధ్య 12 వ్యాసార్ధపు వంపు కూడా కుదురుతుంది కదా! మూలలో 0.6 మి.మీ. పైగా లోహం అదనంగా పోయింది, ప్లేటు స్క్రాప్. అదే జే-12 అని రాసి ఉంటే, కేంద్రం నుంచి మొదటికి 12, చివరికి 10.2 వచ్చేది. ఈ తేడాను కంట్రోల్ సాధారణంగా పట్టుకుని, కోతకు ముందే అలారం ఇస్తుంది. ఐ-జే లెక్క కాస్త శ్రమే, కానీ ఒక అంకె తప్పితే దొరికిపోతుంది. నా ఓటు దానికే.

ఆర్‌కు ఇంకో చిక్కు ఉంది. అవే బిందువుల మధ్య, అదే జీ02తో 90 డిగ్రీల వంపూ ఉంది, 270 డిగ్రీల వంపూ ఉంది. ఆర్ ముందు మైనస్ పడితే మెషిన్ పెద్దదే ఎంచుకుంటుంది. అప్పుడు కట్టర్ ప్లేటు బయటికి ఎక్స్90 దాకా పోతుంది. అక్కడ క్లాంపు ఉంటే చెప్పేదేముంది!

పూర్తి వృత్తానికి ఆర్ పనికే రాదు. మొదలూ చివరా ఒకే చోటైతే కేంద్రం ఎటుందో మెషిన్‌కు తెలియదు. సున్నా చుట్టూ 40 మి.మీ. రంధ్రానికి ఎక్స్20, వై0 దగ్గర నిలిచి జీ03 ఐ-20.0 అంటే చుట్టి వస్తుంది.

జీ41తో కట్టర్ వ్యాసార్ధం సవరింపు పెట్టేటప్పుడు దాన్ని తిన్నని గీత మీదే మొదలుపెట్టండి, వంపు మీద పెడితే అలారం. దశాంశ చుక్క మరవకండి. కొన్ని కంట్రోళ్లలో చుక్క లేని 80 అంటే 80 మైక్రాన్లే. కొత్త ప్రోగ్రాం మొదటిసారి నడిపేటప్పుడు జెడ్ పైకెత్తి, గాలిలోనే ఒక చుట్టు తిప్పి చూడండి.